మీరడిగారు: బ్యాట్‌మ్యాన్ విలన్లు, వాళ్లను వేసిన నటులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్యాట్‌మ్యాన్ సినిమాల విలన్ల మీదే. ఒకే రకంగా ఉన్న ప్రశ్నల్ని కలిపేసి జవాబిస్తున్నాం.

ప్రశ్న: జాక్ నికల్సన్, హీత్ లెడ్జర్, వాకీన్ ఫీనిక్స్. ఈ ముగ్గురిలో అసలైన జోకర్ ఎవరు సార్? మా రూమ్‌లో ఈ గొడవ ఎంతకీ తెగడం లేదు. మీరే తేల్చండి.
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: తేల్చే ముందు పోటీలోంచి ఒకరిని తప్పించాలి. 2019 నాటి ‘జోకర్’లో ఫీనిక్స్ చేసింది కథానాయకుడు ఆర్థర్ ఫ్లెక్ పాత్ర. ఆ సినిమాలో బ్యాట్‌మ్యాన్ లేడు, ముందుముందు బ్యాట్‌మ్యాన్ అయ్యే బ్రూస్ వేన్ ఇంకా చిన్నపిల్లాడు. ఆర్థర్ ఫ్లెక్ కథని మనం ఆర్థర్ పక్కన కూర్చునే చూస్తాం. నటన చాలా గొప్పది, అందులో వాదనే లేదు. కానీ ఫీనిక్స్‌కి వచ్చిన ఆస్కార్ ఉత్తమ నటుడిగా, లెడ్జర్‌కి వచ్చింది ఉత్తమ సహాయ నటుడిగా. ఇద్దరి పనిలో తేడా అక్కడే ఉంది. విలన్ల పోటీలో ఫీనిక్స్‌ని కలిపితే మీ గొడవ ఎప్పటికీ తెగదు.

మిగిలిన ఇద్దరినీ తూచడానికి మేం వాడే తూకం ఒకటే: హీరో దగ్గరున్న బలాల్లో దేన్ని ఈ విలన్ పనికిరాకుండా చేశాడు? నవ్వు బాగుందా, జుట్టు కామిక్‌లో లాగే ఉందా అన్నవి ఆ తర్వాతి మాటలు.

బ్యాట్‌మ్యాన్‌కి ఉన్న పెద్ద ఆయుధం భయం. ఆ తర్వాత కండబలం, డబ్బు. 2008 నాటి ‘ది డార్క్ నైట్’లో పోలీస్ స్టేషన్ విచారణ గది సీను మళ్లీ చూడండి. గది చీకటిగా ఉంటుంది, బల్ల మీద దీపం ఒక్కటే. పోలీసు అధికారి గోర్డన్ బయటికెళ్లగానే లైట్లన్నీ వెలుగుతాయి. అప్పటిదాకా జోకర్ వెనకాలే నిలబడి ఉన్న బ్యాట్‌మ్యాన్ కనిపిస్తాడు. తల పట్టుకుని బల్లకేసి కొడతాడు. జోకర్ నొప్పితో మూలగడు. తలతో మొదలుపెడితే ఎదుటివాడు మొద్దుబారిపోతాడని, కొట్టడం ఎలాగో కొట్టేవాడికే పాఠం చెబుతాడు. బ్యాట్‌మ్యాన్ తలుపు గడియకి కుర్చీ అడ్డం పెట్టి ఇంకా కొడతాడు. జోకర్ నవ్వుతూనే ఉంటాడు. చివరికి తను బంధించిన ఇద్దరి అడ్రసులు చెబుతాడు, అదీ తారుమారు చేసి. ప్రేమించిన రేచల్ కోసం పరిగెత్తిన బ్యాట్‌మ్యాన్‌కి లాయర్ హార్వే డెంట్ దొరుకుతాడు. భయం పనిచెయ్యలేదు, బలం పనిచెయ్యలేదు, ఎవరినీ చంపకూడదన్న బ్యాట్‌మ్యాన్ నియమం జోకర్‌కే కవచమైంది. ఒక్క సీనులో హీరో చేతిలో ఏమీ మిగల్లేదు.

1989లో నికల్సన్ జోకర్ చేసే పని వేరు. జాక్ నేపియర్ అనే ముఠా మనిషి రసాయనాల తొట్టెలో పడి జోకర్ అవుతాడు. బ్రూస్ తల్లిదండ్రుల్ని చంపింది కూడా అతనేనని సినిమా చెబుతుంది. కామిక్స్‌లో ఆ పని చేసింది జో చిల్ అనే వీధి దొంగ. ఈ మార్పు మీద పాతకాలపు పాఠకులకి ఇప్పటికీ కోపముంది, మేమూ వాళ్ల పక్షమే. తల్లిదండ్రుల్ని చంపినవాడే ఎదురుగా ఉంటే కథ సొంత పగ తీర్చుకోవడంతో ఆగిపోతుంది. ఫలానా వీధిలో ఎవరో ముక్కూమొహం తెలియని దొంగ చంపితేనే ఊళ్లోని నేరమంతటి మీదా యుద్ధానికి దిగడానికి కారణం ఉంటుంది.

ఇంకొకటి. జోకర్ 1940లో ‘బ్యాట్‌మ్యాన్’ మొదటి సంచికలోనే వచ్చాడు. గతమేమీ చెప్పకుండానే వచ్చాడు. అంతకుముందు రెడ్ హుడ్ అనే ముసుగు దొంగగా ఉండేవాడన్న కథ 1951లో చేరింది. 1988లో వచ్చిన ‘ది కిల్లింగ్ జోక్’లో తన గతం తనకే రకరకాలుగా గుర్తొస్తుందని జోకర్ అంటాడు. లెడ్జర్ జోకర్ తన మచ్చల గురించి రెండుసార్లు రెండు వేర్వేరు కథలు చెప్పడం ఆ వరసలోదే. విలన్‌గా లెడ్జర్‌కే మా ఓటు. కామిక్ పేజీలోంచి లేచొచ్చిన మొహం కావాలంటే మాత్రం నికల్సన్‌ని దాటినవాళ్లు లేరు.

ప్రశ్న: లెడ్జర్‌ని తీసుకున్నారని తెలిసినప్పుడు అభిమానులు తిట్టిపోశారంటారు. నిజమేనా? అలాంటప్పుడు అభిమానుల మాటకి విలువెంత?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నిజమే. 2006లో పేరు ప్రకటించగానే గొడవ మొదలైంది. అప్పటికి జనానికి తెలిసిన లెడ్జర్ ప్రేమకథల కుర్రాడు, ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’లో మాట పెగలని పశువుల కాపరి. 1989 సినిమాకీ ఇంతే జరిగింది. అయితే అప్పుడు కోపమంతా హీరో మీద. కామెడీ వేషాలేసే మైకేల్ కీటన్ బ్యాట్‌మ్యానేంటని వార్నర్ బ్రదర్స్‌కి సుమారు 50,000 ఉత్తరాలు వెళ్లాయని అప్పట్లో చెప్పుకున్నారు.

రెండుసార్లూ లెక్క తప్పడానికి కారణం ఒకటే. అభిమాని నటుడి పాత సినిమాని చూసి కొలుస్తాడు. దర్శకుడు తన సినిమాలోని పాత్రని చూసి కొలుస్తాడు. కీటన్‌లో టిమ్ బర్టన్‌కి కనబడింది ముసుగు కన్నాల్లోంచి కూడా కలవరం చూపించగల కళ్లు. లెడ్జర్‌ని క్రిస్టఫర్ నోలన్ స్క్రిప్టు పూర్తి కాకముందే ఖాయం చేసుకున్నాడు. ఆ తర్వాత లెడ్జర్ హోటల్ గదిలో నెల రోజుల పాటు ఒంటరిగా ఉండి గొంతు, నడక, నవ్వు వెతుక్కున్నాడు. ఆ గొంతు ఒక్క మాటలోనే పైకెక్కి కిందికి జారుతుంది. అందుకే అది ఎప్పుడు అరుపవుతుందో ఎదుటివాడికి తెలియదు. డబ్బింగ్‌లో మొట్టమొదట పోయేది ఇదే. జోకర్ కోసం చూసేవాళ్లు అసలు శబ్దం, కింద సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి.

అభిమానుల మాట అసలే చెల్లదని కాదు. మొహం గురించి వాళ్లు చెప్పే జోస్యం చాలాసార్లు తప్పుతుంది. పాత్ర పుట్టుక గురించి, నియమాల గురించి పట్టుకునే తప్పులు మాత్రం చాలాసార్లు నిజమవుతాయి. కింద టూ-ఫేస్ నాణెం, రాస్ అల్ గుల్ గురించి వచ్చిన ప్రశ్నలు అలాంటివే.

ప్రశ్న: ఆస్పత్రి పేలుడు సీనులో బాంబులు సగంలో ఆగిపోతే లెడ్జర్ అప్పటికప్పుడు రిమోట్ కొట్టుకుంటూ నటించేశాడట కదా? ఆ పాత్ర వల్లే చనిపోయాడనీ అంటారు.
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: రెండూ కాదు. ఆ కట్టడం షికాగోలో మూతపడ్డ మిఠాయి ఫ్యాక్టరీ. దాన్ని నిజంగానే కూల్చారు, రెండో టేక్ ఉండదు. ముందు చిన్న పేలుళ్లు, మధ్యలో విరామం, జోకర్ బస్సెక్కే సమయానికి పెద్ద పేలుళ్లు అని ముందే వరస వేసుకున్నారు. మనిషి అంత దగ్గరలో నడుస్తుంటే పేలుడు పదార్థాల్ని అదృష్టానికి వదిలేసే యూనిట్ ఎక్కడా ఉండదు. ఆ విరామాన్ని లెడ్జర్ నింపిన తీరు, ఆ అసహనం, రిమోట్ మీద ఆ తట్టడం, అతని గొప్పతనం. అది అనుకోకుండా జరగలేదన్నంత మాత్రాన దాని విలువ తగ్గదు.

ఇక మరణం. ‘ది డార్క్ నైట్’ షూటింగ్ 2007 నవంబరులో ముగిసింది. 2008 జనవరి 22న లెడ్జర్ న్యూయార్క్‌లో చనిపోయేనాటికి ఇంకో సినిమాలో నటిస్తున్నాడు. డాక్టర్లు రాసే మందులే కొన్ని ఒంట్లో కలిసి పొరపాటున ప్రాణం తీశాయని వైద్య పరీక్షాధికారులు తేల్చారు. జోకర్ పాత్రని అతను ఎంతో ఇష్టంగా చేశాడని దగ్గరివాళ్లు చెబుతూనే ఉన్నారు. ఒక మనిషి చావుని సినిమా ప్రచారకథగా తిప్పడం ఇకనైనా మానేద్దాం.

ప్రశ్న: మా కాలేజీ ఫెస్ట్‌లో లెడ్జర్ జోకర్ వేషం వేద్దామనుకుంటున్నాను. పోయినేడు మా సీనియర్ వేస్తే గంటకే తెల్లరంగు కారిపోయింది, మచ్చ ఊడిపోయింది. సరైన పద్ధతి చెప్పగలరా?
— ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: ముందు సినిమాలో ఎలా చేశారో చూడండి, మీ పని సగం తేలికవుతుంది. మేకప్ చేసిన జాన్ కాగ్లియోన్ బృందం లెడ్జర్‌ని నుదురు ముడిచి మొహం చిట్లించమని, ఆ మొహం మీద తెలుపు వేసేది. మొహం వదులు చేయగానే ముడతల లోపల రంగు అంటని చర్మం గీతలుగా బయటపడుతుంది. రోజుల తరబడి కడగని రంగులా కనిపించడానికి కారణం అదే. కళ్లు గట్టిగా మూయించి చుట్టూ నలుపు పులిమేవారు. మచ్చలు మూడు సిలికాన్ ముక్కలు, అతికించడానికి గంట కూడా పట్టేది కాదు. కింది పెదవి మీది ముక్క సడలుతుంటే లెడ్జర్ నాలుకతో తడుముకునేవాడు. ఆ అలవాటే పాత్రకి గుర్తయింది.

మీకు కావలసినవి: నీటితో వాడే తెల్ల ఫేస్‌పెయింట్ చిన్న డబ్బా, అలాంటిదే నలుపు, ముదురు ఎరుపు లిప్‌స్టిక్, 30 మి.లీ. లిక్విడ్ లేటెక్స్, రెండు టిష్యూ కాగితాలు, రంగులేని ఫేస్ పౌడర్, ఒక స్పాంజి. ముందు రోజే లేటెక్స్, తెలుపు రెండూ మోచేతి మడతలో చుక్క చుక్క రాసి 24 గంటలు చూడండి. దురదగానీ ఎర్రదనంగానీ వస్తే వాడొద్దు. లేటెక్స్ చాలామందికి పడదు. గడ్డం ముందు రోజు రాత్రే గీసుకోండి. అప్పుడే గీసిన చెంప మీద లేటెక్స్ మండుతుంది, గీయని చెంప మీద వేస్తే తీసేటప్పుడు వెంట్రుకలతో సహా లేస్తుంది.

మచ్చలతో మొదలుపెట్టాలి. టిష్యూని కత్తెరతో కత్తిరించకండి, చేత్తో చింపండి. చిరిగిన అంచు చర్మంలో కలిసిపోతుంది, కత్తిరించిన అంచు గీతలా కనబడుతుంది. 4-5 సెం.మీ. పొడుగు, సెంటీమీటరు వెడల్పు చాలు. లేటెక్స్ పలచగా ఒక పూత, దాని మీద టిష్యూ, మళ్లీ పూత. ఇలా మూడు పొరలు. ఒక్కో పొర పూర్తిగా ఆరాకే తర్వాతిది, అంటే 4-5 నిమిషాలు ఆగాలి. చివరి పొర జిగటగా ఉన్నప్పుడే వేళ్లతో గిల్లి మధ్యలో గట్టులా లేపండి. పెదవి మూలకి రెండు మూడు మిల్లీమీటర్లు వదిలేయండి. మీ సీనియర్ మచ్చ ఊడింది ఇక్కడే అయ్యుంటుంది. మూల దాకా అతికిస్తే నోరు తెరిచి నవ్విన మొదటిసారే అంచు లేస్తుంది.

మచ్చ ఆరాక దాని మీద పౌడర్ అద్దండి. పౌడర్ లేకుండా లేటెక్స్ మీద నీళ్ల రంగు నిలవదు, తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుంది. తర్వాత స్పాంజిని తడిపి గట్టిగా పిండి, మొహం చిట్లించి, తెలుపు ఒకే ఒక్క పలచటి పూత. రెండు నిమిషాలు అలాగే ఉండి వదలండి. గంటకే కారిపోవడానికి కారణాలు సాధారణంగా మూడు: పూత మందంగా వేయడం, కింద జిడ్డు క్రీము రాయడం, నూనె రంగు వాడటం. నాటకాలవాళ్ల పద్ధతిలో సఫేదాని నూనెలో కలిపి రాసుకుంటే నున్నగా వస్తుంది. దేవుడి వేషానికి అది బాగుంటుంది కానీ ఈ వేషానికి కావలసింది పగుళ్లు.

నలుపు వేలితోనే పులమండి, రెండు కళ్లూ ఒకేలా ఉండకూడదు. కనురెప్ప లోపలి తడి అంచుకి తగలనివ్వకండి. ఎరుపుని పెదవి మీద నుంచి మచ్చ చివరిదాకా లాగి, బయటివైపుకి ఒకసారి తుడిచేయండి. చివర్లో మొహమంతా పౌడర్ ఒత్తాలి, రుద్దకూడదు. చెమట పడితే టిష్యూతో అద్దుకోండి. తుడిస్తే తెలుపు, నలుపు కలిసి బూడిదరంగవుతుంది. జుట్టుకి జెల్ బాగా పట్టించి, ఆకుపచ్చని అక్కడక్కడా మాత్రమే వేయండి. ఈ జోకర్ జుట్టు జిడ్డోడుతూ రంగు వెలిసిపోయినట్టుంటుంది.

తీసేటప్పుడు అంచుల్లోకి కొబ్బరినూనె ఎక్కించి 5 నిమిషాలు ఆగండి, లేటెక్స్ తనంతట తనే సడలుతుంది. పీకొద్దు. పోస్టర్ కలర్, గోడ రంగు, క్షణంలో అంటుకునే జిగుర్లు మొహం మీదికి ఏ పరిస్థితిలోనూ రానివ్వొద్దు.

ప్రశ్న: ‘ది డార్క్ నైట్ రైజెస్’లో బేన్ మాటలు సగం అర్థం కావు. మొహం కూడా కనబడదు. అంతమంది ఉండగా అంత ఎత్తు లేని టామ్ హార్డీనే ఎందుకు తీసుకున్నారు?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మాటలు అర్థం కావన్న ఫిర్యాదు సినిమా విడుదలకి ఏడు నెలల ముందే వచ్చింది. 2011 డిసెంబరులో ఐమాక్స్ హాళ్లలో మొదటి విమానం సీనుని ముందుగా చూపించారు. ఇంజను హోరు, గాలి, దాని కింద మాస్కులోంచి గొంతు. జనానికి ముక్క అర్థం కాలేదు. తుది మిక్సింగులో బేన్ గొంతుని పైకి తెచ్చారు. జాగ్రత్తగా వింటే ఆ గొంతు గదిలోని మనిషి నోట్లోంచి కాకుండా తెరంతటి నుంచీ వస్తున్నట్టుంటుంది. చుట్టూ ఉన్నవాళ్ల మాటలకి గది ప్రతిధ్వని ఉంటుంది, బేన్‌కి ఉండదు. ఇది కొందరికి నచ్చదు. మాకు మాత్రం అది పాత్రకి నప్పిందనే అనిపిస్తుంది, ఎందుకంటే మనిషి ఊపిరే ఒక యంత్రంలోంచి వస్తోంది.

ఎత్తు సంగతి. హార్డీ సుమారు 175 సెం.మీ., క్రిస్టియన్ బేల్ దాదాపు 183. కెమెరాని కింద పెట్టి, బూట్లలో ఎత్తు వేసి, ఒళ్లు పెంచి, మెడ దాకా లేచే కాలరున్న గొర్రెతోలు కోటు తొడిగి ఆ తేడాని పూడ్చారు. నోరు మూసేస్తే నటుడికి మిగిలేవి కళ్లు, చేతులు, గొంతు. ఆ మూడింటితో సినిమా నడపగల నటుడు కావాలి గానీ, ఆరున్నర అడుగుల మనిషి కాదు. 1997 నాటి ‘బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్’లో ఆ ప్రయోగం చేశారు. రెజ్లర్ జీప్ స్వెన్సన్ కామిక్ బొమ్మలాంటి ఒళ్లుతో బేన్‌గా వచ్చాడు. పాత్రకి గర్జన, ఒకటీ అరా మాట తప్ప ఏమీ లేదు. కామిక్స్ బేన్ జైల్లో పుట్టి, జైల్లోనే పుస్తకాలు చదివి, పథకం వేసి హీరోని అలసగొట్టి, ఆ తర్వాతే మీద పడే తెలివైనవాడు. కండ చూపించి తెలివి తీసేస్తే మిగిలేది బౌన్సరే.

భూగర్భంలో జరిగే పోరాటం ఈ సినిమాకి గుండె. అక్కడ నేపథ్య సంగీతం ఆపేశారు. నీళ్ల చప్పుడు, దెబ్బల చప్పుడు, బేన్ మాటలు, అంతే. పొగబాంబులు, దీపాలార్పడం లాంటి బ్యాట్‌మ్యాన్ చిట్కాలన్నీ బేన్ ఒక్కొక్కటిగా పక్కకి నెట్టేస్తాడు. చివరికి మోకాలి మీద వెన్ను విరవడం 1993లో వచ్చిన ‘బ్యాట్‌మ్యాన్’ 497వ సంచికలోని బొమ్మ. పైన చెప్పిన తూకంలో బేన్ ఇక్కడిదాకా లెడ్జర్‌కి సమానంగా తూగుతాడు.

పడిపోయింది చివరి అరగంటలో. అసలు సూత్రధారి రాస్ అల్ గుల్ కూతురు తాలియా అని తెలియగానే బేన్ కాపలామనిషి స్థాయికి దిగిపోతాడు. తర్వాత నిమిషాల్లోనే క్యాట్‌వుమన్ బండి ఫిరంగితో పోతాడు. వెన్ను విరిచినవాడికి ఇచ్చే ముగింపు కాదది. ఆ తప్పు స్క్రిప్టుది, హార్డీది కాదు. అన్నట్టు, బేన్ పడేస్తే బ్రూస్ ఎక్కి బయటపడే జైలు గొయ్యి బయటి దృశ్యాలు తీసింది 2011 మేలో మన జోధ్‌పూర్ దగ్గరే. వెనకాల కనిపించేది మెహ్రాన్‌గఢ్ కోట.

ప్రశ్న: టూ-ఫేస్‌గా టామీ లీ జోన్స్ మేలా, ఆరన్ ఎకార్టా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఎకార్ట్. కారణం నాణెం.

మొహం సగం కాలాక హార్వే డెంట్ మారేది టూ-ఫేస్‌గా, ఆ పాత్ర మొత్తం ఒక్క నియమం మీద నిలబడింది: నాణెం ఏది చెబితే అది, రెండో మాట లేదు. 1995 నాటి ‘బ్యాట్‌మ్యాన్ ఫరెవర్’లో వేన్ ఇంట్లో జోన్స్ తనకి కావలసిన వైపు పడేదాకా నాణేన్ని మళ్లీ మళ్లీ ఎగరేస్తాడు. ఆ సీనుతోనే పాత్ర చచ్చిపోయింది. 2008లో హార్వే డెంట్ నాణేనికి మొదట రెండువైపులా బొమ్మే. ఎలా వేసినా తను అనుకున్నదే పడుతుంది, అదృష్టం తన చేతిలో ఉందన్నది అతని ధీమా. రేచల్ పోయిన మంటల తర్వాత అదే నాణెం ఒకవైపు కాలి నల్లబడుతుంది. అప్పటినుంచి అది నిజంగానే బొమ్మా బొరుసూ. ఒక మనిషి నమ్మకం ఎలా కాలిపోయిందో చెప్పడానికి డైలాగు అక్కర్లేకపోయింది.

కాలిన సగాన్ని కంప్యూటర్‌తో చేయడానికీ కారణముంది. మేకప్ మొహానికి కలపగలదు గానీ తీసేయలేదు. చెంప లేక దవడ కనబడాలంటే ఉన్న చర్మాన్ని మాయం చేయాలి. రబ్బరు అతికిస్తే మొహం లావెక్కుతుంది, 1995లో కనబడేది అదే.

1989లో హార్వేగా వేసిన బిల్లీ డీ విలియమ్స్‌కి టూ-ఫేస్ అయ్యే అవకాశం రాలేదు. 2017లో బొమ్మల సినిమా ‘ది లెగో బ్యాట్‌మ్యాన్ మూవీ’లో ఆ పాత్రకి గొంతిచ్చాడు. అంత సున్నితంగా నవ్వే నాయకుడు సగం కాలిపోతే ఎలా ఉండేదో చూడలేకపోవడం ఈ సినిమాల్లో మాకున్న పెద్ద లోటు.

ప్రశ్న: రాస్ అల్ గుల్ అరబ్బు పేరు కదా, లియమ్ నీసన్ ఏమిటి?
— ఒక పాఠకుడు, దుబాయ్

జవాబు: మీ అభ్యంతరం న్యాయమైనది. అరబిక్‌లో ఆ పేరుకి అర్థం దెయ్యం తల. 1971లో వచ్చిన ఈ పాత్ర మూలాలు అరబ్బు నేలవే. 2005 నాటి ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’ ఆ పేరుని మొదట జపాన్ నటుడు కెన్ వతనబెకి ఇచ్చి, తర్వాత అతను డూప్ అని చెప్పి, నీసన్‌కి అప్పగించింది. వతనబె అంతటి నటుడికి నాలుగు మాటలు కూడా సరిగ్గా దక్కలేదు.

కథ లోపలి లెక్క వేరు. నీసన్ అప్పటికి గురువు పాత్రలకి పెట్టింది పేరు. జనం అతన్ని చూడగానే నమ్ముతారు. బ్రూస్ మోసపోయినట్టే మనమూ మోసపోతాం. కాస్టింగ్‌నే ఎరగా వాడిన ఎత్తు అది, పారింది. కానీ అదే ఎత్తు అరబ్బు నటుడితో కూడా వేయొచ్చు. బేన్ విషయంలోనూ ఇంతే. కామిక్స్‌లో లాటిన్ అమెరికా మనిషి, తెర మీద ఆ ఊసే లేదు.

ప్రశ్న: మిస్టర్ ఫ్రీజ్‌గా ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ అంత నవ్వులపాలవడానికి కారణం ఆర్నాల్డేనా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కాదు. 1992లో టీవీ యానిమేషన్ సిరీస్ ‘హార్ట్ ఆఫ్ ఐస్’ అనే ఒక్క ఎపిసోడుతో ఫ్రీజ్‌కి ప్రాణం పోసింది. జబ్బుపడ్డ భార్య నోరాని మంచులో దాచుకున్న శాస్త్రవేత్త కథ అది. 1997 సినిమా ఆ భార్యని తెచ్చుకుంది కానీ, ఆ దుఃఖాన్ని చలి మీద వేసే జోకుల కింద పాతిపెట్టింది.

దాని వెనక సంగతి 1992లో మొదలైంది. ‘బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్’లో డానీ డివిటో పెంగ్విన్ పచ్చి చేప నమిలి నోట్లోంచి నల్లటి ద్రవం కార్చేసరికి, పిల్లల భోజనంతో ఆ సినిమా బొమ్మలు పంచుతున్న హోటల్ సంస్థ మీద తల్లిదండ్రులు మండిపడ్డారు. స్టూడియో భయపడి బర్టన్‌ని పక్కకి తప్పించి జోయెల్ షూమాకర్‌ని తెచ్చింది. ఆ తర్వాత విలన్ దుస్తులు, బళ్లు, తుపాకులు బొమ్మలుగా అమ్ముడుపోవాలన్న ఒత్తిడి తెర మీద కనబడుతూనే ఉంటుంది. గంటల తరబడి మేకప్, ఒంటి మీద బరువైన కవచం, నోట్లో నీలం లైటు పెట్టుకుని నిలబడ్డ మనిషి ఇంకేం నటిస్తాడు?

ప్రశ్న: పెంగ్విన్‌కి లావుపాటి నటుడే దొరకలేదా? కోలిన్ ఫారెల్‌కి అంత మేకప్ ఎందుకు?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఇది బాగా జరిగిన వాదన, రెండువైపులా బలముంది. లావుగా ఉండే మంచి నటులకి ఇలాంటి పాత్రలు చేజారడం నిజంగా అన్యాయమే. మైక్ మరినో మేకప్‌లో మాత్రం ఒక్క విషయం గమనించండి: కళ్ల చుట్టూ, నోటి చుట్టూ చర్మం కదులుతూనే ఉంటుంది. ఇలాంటి పనిలో సామాన్యంగా చెడేది అక్కడే. సిలికాన్ మందమైతే లోపలి కండరం కదిలినా పైకి తెలియదు, నటుడు అరిచి గీపెట్టాల్సి వస్తుంది. ఫారెల్‌కి ఆ అవసరం రాలేదు. 2022 సినిమాలో కాసేపే కనిపించిన పాత్ర మీద 2024లో 8 ఎపిసోడుల సిరీస్ నిలబడిందంటే, అవమానపడ్డప్పుడు ఆ కళ్లల్లో కదిలే చిన్న వణుకు వల్లే.

ప్రశ్న: 1966 టీవీ సిరీస్ జోకర్‌కి తెల్లరంగు కింద మీసం కనబడుతోంది. నా భ్రమా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: భ్రమ కాదు. సీజర్ రొమేరో మీసం తీయనన్నాడు. దాని మీదే తెలుపు పూశారు. దగ్గరి షాట్లలో వెలుగు పక్కనుంచి పడ్డప్పుడు వెంట్రుకలు స్పష్టంగా తెలుస్తాయి.